పాత బజారు ఫోటోలు – మన పెద్దల దస్తావేజులు

పెళ్ళి ఫోటో లేని ఇల్లు మనలో ఉండదు. హజ్‌కు బయలుదేరే ముందు పూలదండలతో తీయించుకున్న ఫోటో, పిల్లవాడు డిగ్రీ పుచ్చుకున్ననాటి ఫోటో గోడ మీదనో బీరువాలోనో భద్రంగా ఉంటాయి. కాని ఆ ఇల్లు ఏ దుకాణం రాబడి మీద నిలబడిందో, ఆ పిల్లవాడి ఫీజు ఏ గల్లాపెట్టెలోంచి వచ్చిందో, ఆ దుకాణం ఫోటో మాత్రం చాలా ఇళ్ళలో దొరకదు. దొరికినా, అందులో ఉన్నది ఎవరో, అది ఏ వీధో చెప్పేవారు ఉండరు.

చరిత్ర అనగానే మనకు కులీ కుతుబ్‌షా, నిజాం ప్రభువులు, కోటలు, మహళ్ళు గుర్తుకు వస్తాయి. వారికి ఫర్మానులున్నాయి, శాసనాలున్నాయి, గ్రంథాలున్నాయి. గాజులు తొడిగేవాడికి, అత్తరు అమ్మేవాడికి, రజాయిలు కుట్టేవాడికి, బండి లాగేవాడికి ఏమున్నాయి? వారి బ్రతుకు కొద్దో గొప్పో నిలిచి ఉన్నది పాత బజారు ఫోటోలలోనే. హైదరాబాదు నడిబొడ్డు వీధులలో నూరేళ్ళకు పైగా తీసిన ఫోటోలను ఎలా చదవాలో, మన ఇళ్ళలో మిగిలినవాటిని ఎందుకు కాపాడుకోవాలో నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫోటోలు తీసిందెవరు? ఎవరి కోసం?

హైదరాబాదు పాత ఫోటో అనగానే ముందుగా చెప్పవలసిన పేరు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు విద్య నేర్చి, ఇండోరులో పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టారు. 1880 తర్వాతి సంవత్సరాలలో హైదరాబాదు వచ్చి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో ఉంచారు. 1894లో నిజాం ప్రభువు ఆయనకు "ముసవ్విర్ జంగ్" అనే బిరుదు ఇచ్చారు. 1905లో ఆయన మరణించాక కుటుంబంవారు ఆ పని కొనసాగించారు.

ఒక సంగతి మరవకూడదు. ఫోటో తీయడం ఆ రోజుల్లో ఖర్చుతో కూడిన పని. బరువైన కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, అద్దం పలకలు, వాటిని మోసే మనుషులు కావాలి. ఆ డబ్బు ఇచ్చింది దర్బారువారు, జాగీర్దారులు, ఇంగ్లీషు అధికారులు. అందుకే ఆయన తీసినవాటిలో మహళ్ళు, వేట శిబిరాలు, సైన్యం కవాతులు, విందులు ఎక్కువ. 1892 నాటి "నిజాం రాజ్య దృశ్యాలు" అనే ఆల్బం ఒకటి వైస్రాయి కర్జన్ సేకరణలో చేరి, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో చార్మినార్ వీధి కూడా ఉంది. కాని ఫోటోగ్రాఫరు గురి చార్మినార్ మీదనే. కింద ఉన్న దుకాణాలు అడగకుండానే అందులోకి వచ్చి చేరాయి. మనకు కావలసింది సరిగ్గా ఆ అడగకుండా వచ్చిన భాగమే.

కదిలినవారు, కదలనివారు

అలాంటి ఫోటో ఒకటి చేతికి వస్తే తొందరపడి మినార్ల వైపు చూడకండి. అవి ఎక్కడికీ పోవు, 1591 నుండి అక్కడే ఉన్నాయి. రోడ్డుకు రెండు పక్కలా చూడండి. దుకాణం అంటే ఆ రోజుల్లో అద్దాల షోరూము కాదు. నేలకు మూరెడో, రెండు మూరలో ఎత్తున ఒక అరుగు. పైన గుడ్డతోనో, తడికతోనో, రేకుతోనో ఒక చూరు. లోపల గద్దె మీద మఠం వేసుకుని కూర్చున్న యజమాని. సరుకు అతని చుట్టూ, అతని తల మీద వేలాడుతూ ఉంటుంది. కొనేవాడు వీధిలో నిలబడే బేరమాడతాడు. దుకాణానికీ వీధికీ మధ్య తలుపు అనేదే ఉండదు. రాత్రి మూసేటప్పుడు ఒక్కొక్కటిగా చెక్క పలకలు బిగిస్తారు.

ఆ కాలపు కెమెరాకు ఒక గుణం ఉంది. వెలుగు తక్కువైనప్పుడు పలక మీద బొమ్మ పడటానికి కొంత వ్యవధి పట్టేది. ఆ వ్యవధిలో కదిలినవారు మసకగా పడతారు, మరీ వేగంగా వెళ్ళినవారు అసలే పడరు. అందువల్ల కొన్ని ఫోటోలలో గుర్రపు బగ్గీ మీద వెళ్ళే పెద్దమనిషి పొగలా కనబడతాడు. అరుగు మీద కూర్చుని తన పని చేసుకునే దర్జీ మాత్రం టోపీతో సహా స్పష్టంగా ఉంటాడు. అతని పేరు మనకు తెలియదు. మనిషి మాత్రం ఉన్నాడు.

స్త్రీలు మాత్రం బహు తక్కువ. చార్మినార్ పడమటి వైపు లాడ్ బజార్ ఉంది. లక్క గాజుల వల్లనే ఆ పేరు వచ్చిందని పలువురి మాట. ఆడవారి అలంకరణ మీదనే బ్రతికిన బజారది. అయినా పాత ఫోటోలలో గాజుల వరుస కనబడుతుంది గాని, గాజులు వేసుకునే చెయ్యి కనబడటం అరుదు. పెద్దింటి స్త్రీలు పరదా కట్టిన బండిలో వచ్చేవారు, లేదా గాజులవారినే ఇంటికి పిలిపించుకునేవారు. ఇక ఆ గాజులు తయారు చేసే చేతులలో ఆడవారివి ఎన్నో ఉన్నాయి. ఇంట్లో నిప్పుల కుంపటి ముందు కూర్చుని లక్కను మెత్తబరిచి, రాళ్ళు అద్దిన ఆ స్త్రీల ఫోటో తీయడానికి ఎవరూ వెళ్ళలేదు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గౌరవంలో వారికీ వాటా ఉంది.

మూసీ వరద

1908 సెప్టెంబరు 28న మూసీ నది ఊరి మీదికి వచ్చింది. సుమారు 15,000 మంది మరణించారని సాధారణంగా చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఊరంతా ఈనాటికీ చెప్పుకుంటుంది. ఆ చెట్టు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

వరద తగ్గాక తీసిన ఫోటోలు బజారు చరిత్రలో మరో రకం సాక్ష్యం. వీటిలో దర్బారు సొగసు లేదు. నదికి రెండు ఒడ్డులా కూలిన గోడలు, విరిగిన వంతెనలు, ఏది ఇల్లో ఏది దుకాణమో తెలియని మట్టిదిబ్బలు, వాటి మీద నిలబడి చూస్తున్న జనం. ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలిసిన అఫ్జల్‌గంజ్ బజారు ఆ దెబ్బ తిన్న చోట్లలో ఒకటి. అంతకు ముందు తీసిన ఫోటో, తర్వాత తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి చూస్తే, నష్టం ఎంతో లెక్కల కన్నా బాగా తెలుస్తుంది.

ఆ వరద వల్లనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1912లో, నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు గల్లీలను వెడల్పు చేయడం, మురికివాడలు తొలగించి కొత్త ఇళ్ళు కట్టడం, బజార్లను తీర్చిదిద్దడం దాని పనులు.

పత్తర్‌గట్టీ ఎలా వచ్చింది?

ఈనాడు మదీనా చౌరస్తా నుండి చార్మినార్ వైపు నడిచేవారికి రెండు పక్కలా ఒకే తీరు రాతి కమానులు కనబడతాయి. అదే పత్తర్‌గట్టీ. ఆ కమానులు కుతుబ్‌షాహీల నాటివని చాలామంది అనుకుంటారు. కాదు, అవి నగరాభివృద్ధి బోర్డు కట్టించినవి. కింద కమానుల వెనుక నీడ ఉన్న నడవ, నడవ లోపల దుకాణాలు, పైన అంతస్తులు. ఎండలో, వానలో కూడా బేరాలకు వచ్చినవారు తడవకుండా నడవడానికి ఈ ఏర్పాటు.

దీనితో బజారు రూపమే మారింది. వీధిలోకి చొచ్చుకు వచ్చిన అరుగు వెనక్కి తగ్గింది. గద్దె మీద కూర్చున్న యజమాని క్రమంగా కౌంటరు వెనుక నిలబడ్డాడు. ప్రతి దుకాణానికీ ఒకే కొలత గల ద్వారం రావడంతో, ఏది ఎవరిదో చెప్పడానికి బోర్డు అవసరమైంది. అంతకు ముందు ఫలానా వారి దుకాణం అంటే ఊరందరికీ తెలిసేది. ఆ తర్వాత పేరు గోడకెక్కింది.

అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఇంత అందమైన పత్తర్‌గట్టీ ఖాళీ నేల మీద రాలేదు. దానికి ముందు అక్కడ పాత వరుసలు ఉండేవి, వాటిలో బ్రతుకుతున్న కుటుంబాలు ఉండేవి. రోడ్డు వెడల్పు కోసం వారు కదలవలసి వచ్చింది. ఈనాడు వారసత్వ కట్టడమని మనం మెచ్చుకునేది ఒకనాడు మరొకరి గోడ మీద లేచినదే. ఆ కూలిన వరుసలు ఎలా ఉండేవో చెప్పడానికి పాత ఫోటోలు తప్ప వేరే దిక్కు లేదు.

ఆ దారి మొదట్లో ఉన్న మదీనా బిల్డింగు సంగతి మన సభ్యులలో పెద్దవారికి తెలిసే ఉంటుంది. దాని అద్దెల రాబడి ఒకప్పుడు మదీనా నగరవాసుల సహాయానికి వెళ్ళేదని చెబుతారు. హైదరాబాదు బజారులో చీర కొన్నవాడి రూపాయి అంత దూరం పుణ్యానికి చేరేదన్నమాట. ఆ బిల్డింగు ముందు నుంచి తీసిన పాత ఫోటో చూసినప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పకపోతే వారికి కనబడేది ఒక పెద్ద భవనం మాత్రమే.

నది అవతలి బజార్లు

మూసీకి ఉత్తరాన సంగతి వేరు. ఇంగ్లీషు రెసిడెంటు భవనం చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లు చాలాకాలం ఇంగ్లీషువారి అధికారంలో ఉండి, 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చాయి. అదే మన సుల్తాన్ బజార్. దానికి దగ్గరలో ఆబిడ్స్. ఆర్మీనియా జాతివాడైన ఆల్బర్ట్ ఆబిడ్ ఆరవ నిజాం కొలువులో ఉంటూ అక్కడ ఒక పెద్ద దుకాణం నడిపాడు. దుకాణం ఎప్పుడో పోయింది. పేరు మాత్రం పేటకు నిలిచిపోయింది. ఈనాడు ఆబిడ్స్ అని పలికేవారిలో, అది ఒక దుకాణదారు పేరని తెలిసినవారు ఎంతమంది?

1935లో మొజాంజాహీ మార్కెట్ వచ్చింది. ఏడవ నిజాం రెండవ కుమారుని పేరు పెట్టారు. నల్లరాతి కట్టడం, మధ్యన గడియార స్తంభం, పళ్ళు, పూలు, అత్తరు, మిఠాయి దుకాణాలు. చాలా ఏళ్ళు నిర్లక్ష్యానికి గురై, బోర్డులతో, రేకులతో ముఖం కప్పుకుపోయింది. తర్వాత మరమ్మతు చేసి, 2020 ఆగస్టులో మళ్ళీ ప్రజలకు అప్పగించారు. మనసు పెడితే పాతది నిలబెట్టవచ్చునని దానిని చూస్తే తెలుస్తుంది.

ఫోటో ఏనాటిదో తెలుసుకోవడం ఎలా?

చాలా ఫోటోల మీద తేదీ ఉండదు. అయినా కొంచెం ఓపిక పడితే కాలం పట్టుకోవచ్చు. చార్మినార్ మీద గడియారాలు 1889లో పెట్టారు. గడియారం లేని చార్మినార్ ఉంటే ఫోటో అంతకు ముందుదన్నమాట. మహబూబ్ చౌక్ గడియార స్తంభం 1892లో ప్రధానమంత్రి ఆస్మాన్ జాహ్ కట్టించినది. నిజాం రాజ్యంలో సర్కారీ బస్సులు 1932లో 27 బండ్లతో మొదలయ్యాయి. కనుక రోడ్డు మీద సర్కారీ బస్సు కనబడితే ఫోటో ఆ తర్వాతిదే. బోర్డు మీద "రెసిడెన్సీ బజార్" అని ఉంటే బహుశా 1933కు ముందుది. మొజాంజాహీ మార్కెట్ గడియారం వెనుక కనబడితే 1935కు తర్వాతిది. దుకాణం రసీదు మీదనో బోర్డు మీదనో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిదని నిశ్చయంగా చెప్పవచ్చు.

అన్నిటికన్నా చిక్కు పెట్టేది సంవత్సరం అంకె. నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలకు ఫస్లీ సంవత్సరం వాడేవారు. మతపరమైన విషయాలకు, మసీదు రాళ్ళకు హిజ్రీ సంవత్సరం. బోర్డు మీద 1345 అని ఉందనుకోండి. అది ఫస్లీ అయితే 590 కలపాలి, అంటే 1935–36. హిజ్రీ అయితే 1926–27. ఒక్క అంకెకు తొమ్మిదేళ్ళ తేడా! అంకె పక్కన ఉర్దూ "ఫే" అక్షరం ఉందా, "హే" అక్షరం ఉందా అని చూస్తే సందేహం తీరుతుంది.

బోర్డు చదివేవారేరి?

అసలు బాధ ఇక్కడే ఉంది. మన తాతల కాలపు బోర్డులు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. కొన్నిటి మీద పక్కనే తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు కూడా ఉండేవి. కొనేవారు ఎవరో చూసి యజమాని భాషలు రాయించుకునేవాడు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత తెలుగు అక్షరాలు పెద్దవి కావడం ఫోటోలలో గమనించవచ్చు. బోర్డులలో ఈ మార్పు చూస్తే ఊరిలో వచ్చిన మార్పు అర్థమవుతుంది.

ఈనాడు మన పిల్లలలో చాలామంది తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. అది తప్పు కాదు, అవసరమే. కాని ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుర్రవాడు కూడా తాతగారి దుకాణం బోర్డు చేతికిస్తే అక్షరం చదవలేకపోతున్నాడు. చదవగలిగిన పెద్దలేమో ఒక్కొక్కరే దాటిపోతున్నారు. ఫోటో మిగిలినా, అందులోని అక్షరం మూగదైపోతే ప్రయోజనమేమిటి? ఫోటోనూ, చదవగలిగిన మనిషినీ ఒక చోట కూర్చోబెట్టడానికి మనకు మిగిలిన సమయం కొద్ది.

ఇంకొక తొందర కూడా ఉంది. పాతబస్తీ మెట్రో రైలుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఎం.జి.బి.ఎస్. నుండి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లు. 2025 జనవరి నుండి ఆ దారిలో ఇళ్ళు, దుకాణాలు తొలగించడం మొదలైంది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షాలిబండ వైపు తరతరాలుగా నడిచిన దుకాణాలు ఆ వరుసలో ఉన్నాయి. రైలు రావద్దని ఎవరంటారు? పాతబస్తీ పిల్లలు కూడా త్వరగా కాలేజీకి, కొలువుకు చేరాలి గదా. కాని పరిహారం కాగితంలో చదరపు గజాలు ఉంటాయి, సర్వే నంబరు ఉంటుంది. ఆ దుకాణంలో ఎవరు కూర్చున్నారో, ఏమి అమ్మారో, రంజాన్ రాత్రుల్లో ఎంతసేపు తెరిచి ఉంచేవారో ఉండదు. పత్తర్‌గట్టీకి ముందు కదిలిపోయిన కుటుంబాల గురించి ఈనాడు మనకు ఎంత తెలియదో, ఈ కుటుంబాల గురించి మన మనుమలకు అంతే తెలియకుండా పోతుంది.

మనం చేయదగినది

దీన్‌దయాళ్ గారి అద్దం పలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొని భద్రపరిచింది. అవి దర్బారు తరఫున తీసినవి కనుక పెద్ద సంస్థ పూనుకుంది. మన దుకాణాల ఫోటోలకు మనమే పూనుకోవాలి. దానికి పెద్ద డబ్బు అక్కర లేదు.

మొదట, ఇంట్లో ట్రంకుపెట్టెలు, పాత ఖాతా పుస్తకాలు, ఖురాన్ షరీఫ్ గూటిలో పెట్టిన కవర్లు వెతకండి. దుకాణం ప్రారంభోత్సవం నాటి ఫోటో, గుమాస్తాలతో కలిసి తీయించుకున్న గ్రూపు ఫోటో, పెళ్ళి ఊరేగింపు ఫోటోలో వెనుక పడిన బజారు, ఏదైనా పనికి వస్తుంది. రసీదు పుస్తకం, మిఠాయి పెట్టె మూత కూడా పారవేయకండి.

రెండవది, ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా, మనుషుల పేర్లు, వీధి పేరు, సుమారు సంవత్సరం రాయండి. బాల్ పెన్నుతో రాస్తే ముందు వైపుకు గీత దిగుతుంది. చిరిగినదానికి సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. జిగురు పేజీల ఆల్బంలో ఉన్నవి మెల్లగా రాగలిగితే తీసి, కాగితపు కవరులో, తేమ తగలని చోట పెట్టండి. అద్దం పలక దొరికితే అంచులు పట్టుకునే ఎత్తండి, దాన్ని కడగకండి.

మూడవది, ముందు వెనుకలు రెండూ స్కాన్ చేయించండి. 600 డి.పి.ఐ. ఉంటే బోర్డు మీది చిన్న అక్షరం కూడా చదవవచ్చు. అది కుదరకపోతే పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా సెల్‌ఫోనుతో తీసినా మేలే. అసలు ఫోటో ఇంట్లోనే ఉంచుకోండి, నకలు మాత్రం నలుగురికీ పంచండి. ఒక్క చోటే ఉన్నది ఒక్క వానకు పోతుంది.

నాల్గవది, అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని ఫోటో చూపించి అడగండి. "నానాజాన్, ఈ పక్క దుకాణం ఎవరిది? ఈ బోర్డు మీద ఏమి రాసి ఉంది?" అని అడిగి, వారు చెప్పింది ఫోనులో రికార్డు చేయండి. దాదీమా, నానీమాలను కూడా తప్పకుండా అడగండి. కెమెరా చూడని సంగతులు వారి దగ్గరే ఉన్నాయి. లక్క కరిగించిన కుంపటి సంగతి, రాత్రి ఇంటికి తెచ్చిన గల్లాపెట్టెను లెక్కపెట్టిన సంగతి వారే చెప్పాలి.

మన సంఘం తరఫున ఒక రిజిస్టరు తెరిచి, ఎవరింట్లో ఏ ఫోటో ఉందో రాసుకుని, నకళ్ళు ఒకచోట చేర్చితే బాగుంటుందని నా మనవి. సభ్యులలో ఉర్దూ చదవగలిగిన పెద్దలు నెలకు ఒక ఆదివారం వచ్చి కూర్చోగలిగితే, కంప్యూటరు తెలిసిన పిల్లలు వారు చదివింది తెలుగులో ఎక్కించగలుగుతారు. పెద్దలకు పిల్లలతో, పిల్లలకు పెద్దలతో పని పడటం కూడా ఒక మేలే. ఈ ఏడాది యాభై ఫోటోలు పోగైనా వచ్చే సంచికలో వాటి వివరాలతో సహా అచ్చు వేసుకోవచ్చు. సభ్యులు ఆలోచించి, తమ ఇళ్ళలో వెతకడం ఈ వారమే మొదలుపెట్టాలని కోరుతున్నాను.